సమస్య: చచ్చినాతని పేరునే సాగె నిల్లు

నిర్వాహకుడు: మా ఇంటి కరెంటు బిల్లు ఇప్పటికీ తాతగారి పేరు మీదే వస్తోంది. ఆయన పోయి 11 ఏళ్లు. నిన్న రాత్రి పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే కమాండ్) కొట్టి పీజీఐడీ (గుంపు నెంబరు) వరస చూస్తే అక్కడా అదే కథ. నడుస్తున్న ప్రోగ్రామే ప్రాసెస్, గుంపు పెద్ద ప్రాసెస్ నెంబరే గుంపుకీ నెంబరు. 4120 నెంబరు గుంపు ఉంది, 4120 నెంబరు ప్రాసెస్ లేదు. వెంటనే ఈ పాదం తట్టింది. పూరణ ప్రాసెస్ గుంపుల మీదే ఉండాలి, కరెంటు బిల్లు నాది.

షెల్‌పక్షి:
పైపు పెద్దకు ప్రాణంబు పారిపోయె,
పిల్లవాడిని "నీ గుంపు పేరదేమి"
యనగ "నా పెద్ద నెంబరే" యనుచు జెప్పె,
చచ్చినాతని పేరునే సాగె నిల్లు.

ట్రూ, పైపు, స్లీప్ 100 అని కొట్టి చూడండి. పైపు రెండు కమాండ్లనీ ఒకే గుంపుగా కలుపుతుంది, మొదటిదే పెద్ద. ట్రూ క్షణంలో పోతుంది. స్లీప్ మాత్రం ట్రూ నెంబరే ఇంటిపేరుగా పెట్టుకుని 100 సెకన్లు పడుకుంటుంది.

యతిభంగం:
కిల్లు మైనస్సు గుంపుకు కేక వేసె,
ఉన్నవారంత పోయిరి యొక్కదెబ్బ,
లేనివాడిని గుర్తుగా లక్ష్యముంచి
చచ్చినాతని పేరునే సాగె నిల్లు.

కిల్ అంటే ప్రాసెస్‌కి సిగ్నల్ పంపే పిలుపు. నెంబరు ముందు మైనస్ పెడితే గుంపంతటికీ పోతుంది.

టెర్మినల్ తాత: పేరుకు తగ్గ పద్యం. "లే"కి "ల" ఎలా కుదిరింది నాయనా? అది పోనీ. అందరూ పోయాక ఇల్లెక్కడ సాగింది? గుంపులో ఆఖరివాడు పోయి, వెయిట్ (పుట్టించిన తండ్రి ప్రాసెస్ చావు కబురు అందుకోవడం) కూడా అయిపోతే ఆ నెంబరు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) ఇంకొకరికి ఇచ్చేసుకోవచ్చు. ఒక్కడు మిగిలినా ఇవ్వదు. సమస్యలో ఉన్న కిటుకంతా అదే, నువ్వు దాన్నే చంపేశావు.

శార్దూలం:
పెద్ద నడిగిన లేడని పెదవి విరిచె,
బిడ్డ నడిగిన పెద్దదే పేరు చెప్పె,
కెర్నెలాయన లెక్కలు గీచి చూడ
చచ్చినాతని పేరునే సాగె నిల్లు.

నిర్వాహకుడు: భలే! గెట్‌పీజీఐడీ (ప్రాసెస్ గుంపు నెంబరు అడిగే పిలుపు)కి 4120 ఇస్తే "అలాంటి ప్రాసెస్ లేదు" అంటుంది. బిడ్డ నెంబరు ఇస్తే 4120 అంటుంది. కిల్‌కి మైనస్ 4120, సిగ్నల్ సున్నా (ఏమీ పంపకుండా ఉందో లేదో చూడటం) ఇస్తే లోపం రాదు, అంటే గుంపు ఉన్నట్టే. మొదటి రెండూ రెండు పాదాల్లో పట్టేశారు.

టెర్మినల్ తాత: బాగుంది. "కెర్నెలాయన" మాత్రం బెల్లం అమ్మే ఆయనలా వినిపిస్తోంది.

యతిభంగం: తాతగారూ, పోయిన నెల మీ జోంబీ (చచ్చినా తండ్రి ఇంకా వెయిట్ పిలవని ప్రాసెస్) పద్యం గుర్తుందా? "జోంబీ నడిగితే బదులు రాదు" అన్నారు. లినక్స్‌లో తండ్రి వెయిట్ పిలిచేదాకా జోంబీ తన గుంపు నెంబరు చెబుతూనే ఉంటుంది. అప్పుడు ఎవరూ నోరెత్తలేదే?

టెర్మినల్ తాత: అది కవిసమయం. నువ్వు ఉగాదికి రాసిన ప్రోగ్రాం సంగతి చెప్పనా? గెట్‌పీజీఐడీ మైనస్ ఒకటి అని బదులిస్తే, అది లోపమని చూడకుండా ముందు ఇంకో మైనస్ తగిలించి కిల్‌కి ఇచ్చావు. మైనస్‌కి మైనస్ ప్లస్. సిగ్నల్ పోయి ఇనిట్ మీద పడింది, అది ఒకటో నెంబరు ప్రాసెస్, అన్నిటికంటే ముందు పుట్టేది. రూట్‌గా (సర్వాధికారిగా) నడపలేదు కాబట్టి అనుమతి లేదన్నారు, బతికిపోయావు.

షెల్‌పక్షి: నా "పై"కి "పా" యతి గురించి ఎవరూ ఒక్క ముక్క అనలేదు. సరే.

యతిభంగం: మధ్య పాదాలు మార్చాను.

ఉన్నవారెల్ల రులికిరి యొక్కసారి,
లేనివాడిని గుర్తుగా లెక్క వేసి

ఉలికారే గానీ చావలేదు. వచ్చింది హప్ సిగ్నల్ (మామూలుగా ప్రాసెస్‌ని ఆపేసేది), అందరూ హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే కోడ్) పెట్టుకున్నారు.

టెర్మినల్ తాత: ఒప్పుకున్నాను. జోంబీ పద్యం మాత్రం మార్చను.