ఈ మడత చాకు డీ2 స్టీలేనా? ఎలా తేల్చాలి?

హన్మకొండలో సెకండ్ హ్యాండ్‌లో మడత చాకు కొన్నాను. బ్లేడు మీది అక్షరాలు అరిగిపోయాయి. అమ్మినాయన డీ2 (గట్టి టూల్ స్టీలు) అన్నాడు. నాకేమో చైనా చాకుల్లో మామూలుగా వచ్చే 8సీఆర్13ఎంఓవీ అనే స్టీలని అనుమానం.

అయస్కాంతం పెట్టి చూడమని మాత్రం చెప్పకండి, రెండూ అంటుకునేవే. పచ్చి మామిడికాయ కోసి రాత్రంతా కడగకుండా వదిలేస్తే మడత దగ్గర సన్నటి తుప్పు చుక్కలొచ్చాయి. డీ2లో తుప్పుని ఆపే క్రోమియం 11 నుంచి 13 శాతం ఉన్నా చాలా భాగం కార్బైడ్లలోకి (కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లోకి) పోతుంది, అందుకే తుప్పు పడుతుంది. కానీ అంత పులుపుకి రెండోది కూడా ఆగకపోవచ్చు. మామూలు సానరాయి మీద పదును ఎక్కడానికి మాత్రం చాలాసేపు పట్టింది. అది డీ2 లక్షణమే.

గ్రైండర్ మీద నిప్పురవ్వలు చూసి చెప్పొచ్చంటారు గానీ బ్లేడు అరగదీయడం నాకిష్టం లేదు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు సిరియాలోని డమాస్కస్ దాకా పోయిన ప్రాంతం మనది, ఒక చాకు సంగతి తేల్చుకోలేమా!

బంగారం షాపుల్లో ప్యూరిటీ చూసే ఎక్స్‌రే మెషిన్‌కి కార్బన్ ఎలాగూ అందదు. వెనేడియం అనే లోహాన్ని చూపిస్తే చాలు: డీ2లో 1 శాతం దాకా ఉంటుంది, రెండోదాంట్లో పావు శాతం లోపే. ఆ మెషిన్లో స్టీలు పెడితే చూపిస్తుందా? వరంగల్, కరీంనగర్ వైపు ఎవరైనా చేయించారా? ఎంత తీసుకున్నారు?