తోలుబొమ్మ వెనక ఎల్‌ఈడీ పెడితే నీడ మసకబారుతోంది, సెన్సర్ పట్టడం లేదు

అనంత_రేఖ:
అనంతపురంలో ముగ్గురు ఆడవాళ్ళం కలిసి ఒక ఇన్‌స్టలేషన్ చేస్తున్నాం. నిమ్మలకుంటలో చేయించిన నాలుగడుగుల తోలుబొమ్మ, దాని ముందు తెల్లటి నూలు తెర. ఎవరైనా దగ్గరికి రాగానే వెనక దీపం మెల్లగా వెలగాలి, బొమ్మ కుడిచెయ్యి లేవాలి. ఈఎస్‌పీ32 బోర్డు (కోడ్ నడిపే చిన్న కంప్యూటరు), మీటరు పొడవు కూల్ వైట్ (నీలివన్నె తెలుపు) ఎల్‌ఈడీ స్ట్రిప్, పీఐఆర్ సెన్సర్ (ఒంటి వేడిని బట్టి మనిషిని పట్టేది), ఎస్‌జీ90 సర్వో (చెప్పినంత కోణం తిరిగే చిన్న మోటారు) వాడుతున్నాం. లేచిన చెయ్యి నీడ అలికినట్టు వస్తోంది. ఎరుపు ఇటుకపొడిలా కనిపిస్తోంది. మధ్యాహ్నం పూట సెన్సర్ మనిషిని పట్టడం లేదు. సర్వో కదలగానే బోర్డు రీసెట్ అవుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

దీపం_తెర:
దీపంతో మొదలుపెట్టండి, ముందు ఆ స్ట్రిప్ తీసేయండి. తెరకు ఆనుకున్న భాగం ఏ వెలుతురులోనైనా బాగానే కనిపిస్తుంది. తెర నుంచి ఎడంగా జరిగిన భాగం దగ్గరే తేడా వస్తుంది. లెక్క ఇదీ: దీపం వెడల్పును బొమ్మకూ తెరకూ మధ్య ఎడంతో గుణించి, దీపానికీ బొమ్మకూ మధ్య దూరంతో భాగిస్తే మసక అంచు ఎంతో తెలుస్తుంది. చెయ్యి తెరకు 6 సెంటీమీటర్ల ఎడంలో, దీపం 120 సెంటీమీటర్ల వెనక ఉందనుకోండి. మీటరు స్ట్రిప్‌తో 5 సెంటీమీటర్ల మసక. అదే 10 మిల్లీమీటర్ల ముఖం ఉన్న 10 వాట్ల సీఓబీ (చిన్న ముఖంలోనే దీపాలన్నీ ఇమిడిన) ఎల్‌ఈడీతో అర మిల్లీమీటరు.

దూరం తగ్గించాలనిపిస్తుంది, తగ్గించకండి. 120 సెంటీమీటర్ల దగ్గర బొమ్మ తలకూ పాదాలకూ నడుముకు పడే వెలుతురులో మూడింట రెండొంతులు అందుతుంది. 40 సెంటీమీటర్లకు తెస్తే పదో వంతే అందుతుంది.

ఎరుపు సంగతి: చవక కూల్ వైట్‌లో ముదురు ఎరుపు కాంతి చాలా తక్కువ. లేని రంగును తోలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? 2700 నుంచి 3000 కెల్విన్ (పసుపువన్నె వెలుతురు), సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90కి పైన ఉన్నది అడిగి కొనండి. వెనక హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు పలక) తప్పనిసరి. ఎల్‌ఈడీ మీద రాసిన కరెంటుకు సరిపోయే, డిమ్ పిన్ ఉన్న కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ (కరెంటును ఒకే తీరుగా ఇచ్చే సర్క్యూట్) పెట్టండి. పీడబ్ల్యూఎం (దీపాన్ని చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుతురును మార్చే పద్ధతి) 1000 హెర్ట్జ్, 12 బిట్ పెట్టండి. 8 బిట్‌లో దీపం వెలగడం మొదలయ్యే చోట మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. విలువను నేరుగా పెంచకుండా వర్గం చేసి పంపితే కంటికి నిజంగా మెల్లగా వెలిగినట్టుంటుంది.

ధర్మవరం_వైరింగ్:
అక్కా, పీఐఆర్ చెడిపోలేదు. అది మనిషి ఒంటి వేడికీ వెనక గోడ వేడికీ ఉండే తేడాను చూస్తాది. మన ఎండాకాలంలో గోడే 36, 37 డిగ్రీలు ఉంటే తేడా యాడుంటాది? ఎల్‌డీ2410 అనే చిన్న రాడార్ సెన్సర్ పెట్టండి, అది వేడిని కాదు, కదలికను చూస్తాది. 5 వోల్టులు ఇస్తే చాలు, అవుట్ పిన్ 3.3 వోల్టులే ఇస్తాది కాబట్టి ఈఎస్‌పీ32కి నేరుగా కలపొచ్చు. దూరాన్ని ఒక్కో గేటు 0.75 మీటర్ల లెక్కన కొలుస్తాది, మూడు గేట్లకు కుదించండి. లేదంటే వెనక వరండాలో పోయేవాళ్ళకూ బొమ్మ చెయ్యి లేపుతాది. ఫ్యాను రెక్కలు, ఊగే తెర, బొమ్మ చెయ్యి కూడా దానికి మనుషుల్లాగే కనిపిస్తాయి. చెయ్యి కదిలేటప్పుడు, ఆ తర్వాత ఒక రెండు సెకన్లు సెన్సర్‌ను పట్టించుకోకుండా కోడ్ రాయల్ల.

రీసెట్‌కు కారణం సర్వో ఒక్కసారిగా లాగే కరెంటు. సర్వోకు వేరే 5 వోల్టుల 3 ఆంపియర్ల సప్లై పెట్టి, రెండు సప్లైల గ్రౌండ్ (మైనస్ తీగలు) కలపండి. కలపకుంటే సర్వో వణుకుతాది. సర్వో దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కరెంటును కాసేపు నిలవ ఉంచేది) పెట్టండి. 60 గ్రాముల చెయ్యి, బరువు 15 సెంటీమీటర్ల దూరంలో అనుకుంటే 0.9 కిలో సెంటీమీటర్ల లోడు. ఎస్‌జీ90 ఆగిపోయే హద్దే 1.8, లోపలి ప్లాస్టిక్ గేర్ పళ్ళు రోజంతా తట్టుకోవు. దానికంటే బలమైన ఎంజీ996ఆర్ సర్వో తీసుకోండి. తోలుకు సర్వోను అంటించొద్దు. ఆటలో చేతికి కట్టే పుల్ల ఉంటాది కదా, దానికి సైకిల్ స్పోకుతో కలపండి. 20 మిల్లీసెకన్లకు ఒక్కో డిగ్రీ జరిపితే ఆడించినట్టుంటాది.

అనంత_రేఖ:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి: ముక్కుపుడక మెరిసేలా అక్కడ చిన్న ఎల్‌ఈడీ కుట్టాలని ఉంది.

కడప_కుంచె:
కుట్టొద్దమ్మా. తోలుబొమ్మలో నగలన్నీ చిల్లులే, వెనక దీపం ఆ చిల్లుల్లోంచి వచ్చే మెరుపే నగ. ముక్కు దగ్గర సన్నటి ఉలితో ఒక్క చిల్లు కొట్టించండి, దీపం వెలిగే కొద్దీ అదే మెరుస్తుంది. ఎల్‌ఈడీ పెడితే దాని వెనక భాగం, తీగ రెండూ నీడలై మొహం మీద పడతాయి. తప్పదనుకుంటే కండక్టివ్ దారాన్ని (కరెంటు పారే దారం) నల్ల గీతల వెంటే నడపండి, అక్కడైతే కనిపించదు. ఒక ఎల్‌ఈడీకి ఆ దారం చాలు, సర్వోకు పనికిరాదు. లియా బ్యూక్లీ అనే డిజైనర్ రూపొందించిన, బట్టకు కుట్టే లిలీప్యాడ్ బోర్డు 2007లో ఈ కుట్టుపని కోసమే అమ్మకానికి వచ్చింది.

వీలైతే చిత్రకారిణి నళినీ మలానీ 2012లో జర్మనీలోని కాసెల్‌లో పెట్టిన పని వీడియోలు చూడండి. బొమ్మలు గీసిన పారదర్శక మైలార్ (ప్లాస్టిక్ పొర) గొట్టాలు తిరుగుతుంటే, ప్రొజెక్టర్ల వెలుతురు వాటిలోంచి గోడల మీద పడుతుంది. గీసిన బొమ్మే ఫిల్టరు, అదే నీడ. మీ తోలు చేసేదీ అదే.

పక్కన పెట్టే బోర్డు మీద బొమ్మ కోసి రంగులద్దినవాళ్ళ పేరు, మీ ముగ్గురి పేర్లు, వైరింగ్ ఎవరిదో, కోడ్ ఎవరిదో విడివిడిగా రాయండి. రాయకపోతే ఆడవాళ్ళు రంగులేశారు, కరెంటు పని వేరెవరో చేశారు అనుకుని పోతారు. అది మీకు అన్యాయం. వైరింగ్ బొమ్మ, కోడ్ ప్రింటు ఒక కవరులో పెట్టి పెట్టె లోపలే ఉంచండి. రెండేళ్ళకు సర్వో పోతే మార్చేవాళ్ళకు అవి కావాలి.