కార్న్‌స్టార్చ్ మిశ్రమం: అదే శాంపిల్, రెండోసారి కొలిస్తే వేరే లెక్క. ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కార్న్‌స్టార్చ్‌ని నీళ్లలో చిక్కగా కలిపి రియోమీటర్‌లో (రెండు ప్లేట్ల మధ్య శాంపిల్ పెట్టి, ఒక ప్లేటు తిప్పి, అది పారడానికి ఎంత అడ్డుపడుతోందో కొలిచే పరికరం) కొలుస్తున్నాను. షియర్ రేటు (పొరలు ఒకదానిమీద ఒకటి జారే వేగం) పెంచుతూ పోతే స్నిగ్ధత (పారడానికి చూపే అడ్డు) మొదట తగ్గుతోంది, ఒక చోటికి రాగానే ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేస్తోంది. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. కానీ అదే శాంపిల్‌ని కాసేపాగి మళ్లీ నడిపితే విలువలు దాదాపు రెట్టింపు, పైగా తక్కువ వేగానికే లేచిపోతోంది. మెషిన్ పాడైందా? రిపోర్టు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
మెషిన్‌ని అనుమానించకండి. ముందు ప్లేటు అంచు చూడండి. చుట్టూ తెల్లగా పొడిబారి ఉంటే నీరు ఆరిపోతున్నట్టే. పలచటి మిశ్రమంలో ఆ కాస్త నీటికి లెక్కే ఉండదు. దట్టమైనదాంట్లో అదే అసలు సంగతి. రేణువులు కదల్లేక బిగుసుకుపోయే ఘనపరిమాణ భాగం (మొత్తం మిశ్రమంలో రేణువులు ఆక్రమించే వాటా) ఒకటుంటుంది. దానికి దగ్గరయ్యేకొద్దీ, మిగిలిన దూరం సగమైతే స్నిగ్ధత సుమారు నాలుగు రెట్లవుతుంది. ఆ హద్దు 0.58 అనుకుని లెక్క వేయండి: రేణువులు 0.54 ఉంటే నీటికంటే 210 రెట్లు చిక్కన, 0.55కి వస్తే 370 దాటుతుంది. ఆ మార్పుకి 100 మి.లీ. మిశ్రమంలో 2 మి.లీ. నీరు కూడా పోనక్కర్లేదు!

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, అంచు ఎండిపోయి ఉంది. మరి ఒకే మిశ్రమం ముందు పలచబడి, తర్వాత గట్టిపడటం ఏమిటి?

జవాబు:
నెమ్మదిగా కదిపినప్పుడు రేణువులు ఒకదానికొకటి బలహీనంగా అతుక్కుని గుంపులుగా ఉంటాయి. షియర్ వాటిని విడదీస్తుంది, అందుకే పలచబడుతుంది. అప్పటికీ రేణువుల మధ్య పలచటి నీటి పొర ఉంటుంది, వికర్షణ వాటిని తాకనివ్వదు. ఒత్తిడి ఆ వికర్షణను మించితే రేణువులు నేరుగా రాసుకుంటాయి. నున్నటి గోళాలు రాపిడి లేకపోతే దాదాపు 0.64 దాకా కదలగలవు. రాపిడి మొదలైతే ఆ హద్దే కిందికి దిగుతుంది. మిశ్రమంలో రేణువు ఒక్కటీ పెరగలేదు, హద్దే దగ్గరికి వచ్చింది. వ్యార్ట్, కేట్స్ 2014లో ఇచ్చిన నమూనా సారం ఇదే, నాకు చాలా ఇష్టమైన వివరణ.

అందుకే గ్రాఫ్‌ని షియర్ రేటుతో కాకుండా షియర్ స్ట్రెస్‌తో (మిశ్రమాన్ని పక్కకు నెట్టే ఒత్తిడితో) గీయండి. రేణువుల వాటా వేర్వేరుగా ఉన్న శాంపిల్స్ వేర్వేరు వేగాల దగ్గర లేస్తాయి గానీ, స్ట్రెస్ మీద గీస్తే గట్టిపడటం మొదలయ్యే చోటు దాదాపు ఒక్కటే అవుతుంది.

మరొకరి జవాబు:
పైవారు చెప్పిందానికి తోడు: అంచు చుట్టూ పలచటి సిలికాన్ ఆయిల్ పూయండి, లేదా సాల్వెంట్ ట్రాప్ (నీరు ఆరిపోకుండా శాంపిల్ చుట్టూ పెట్టే మూత) పెట్టండి. ప్రతి రన్‌కీ కొత్త శాంపిల్ వేయండి. కార్న్‌స్టార్చ్ నీటికంటే బరువైనది, ఊరికే ఉంచితే అడుగుకు దిగిపోతుంది. కొలిచేముందు గట్టిపడే స్ట్రెస్‌కి బాగా కింద కాసేపు తిప్పండి. రన్లు మరీ పొడవైతే నీటికి బదులు సాంద్రత సరిపోయే సీజియం క్లోరైడ్ ద్రావణం వాడతారు. నున్నటి ప్లేటు మీద మిశ్రమం జారిపోతుంటే గరుకు ప్లేటు వేయండి. జారుతోందో లేదో తేల్చుకోవాలంటే ప్లేట్ల ఎడం మార్చి మళ్లీ కొలవండి, విలువ మారితే జారుతున్నట్టే. ఎడం మాత్రం రేణువు వ్యాసానికి కనీసం పది రెట్లుండాలి.

స్ట్రెస్‌ని పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి నడిపి రెండు గీతలూ ఇక్కడ పెట్టండి. అవి ఒకదానిమీద ఒకటి కూర్చోకపోతే ఇంకా ఏదో ఆరుతోంది, లేదా అడుగుకు దిగుతోంది.