కలం పట్టినవాళ్లు ఎన్నికల్లోకి దిగొచ్చా?

పెన్నా ఒడ్డు:
కావలి వైపు వారపత్రిక నడుపుతున్న నా స్నేహితుడొకడు మొన్న ఒక పార్టీ కండువా కప్పుకున్నాడు. పదిహేనేళ్లుగా ఇసుక లారీల మీద, చెరువు కబ్జాల మీద రాసిన మనిషి. కండువా కప్పుకున్నాక రెండు సంచికలొచ్చాయి, రెండింట్లోనూ చెరువు ఊసే లేదు. చదివి కడుపు తరుక్కుపోయింది. సంపాదకుడు రాజకీయాల్లోకి పోకూడదంతే. ప్రకాశం పంతులు గారిని చూపించి వాదించకండి. ఆయన 'స్వరాజ్య' పత్రిక కూడా రాజకీయాల్లో పడే నలిగిపోయింది.

ఒంగోలు పాత బస్టాండు:
అన్నా, మీరు వరస తిరగేశారు. పంతులు గారు పత్రికలోంచి రాజకీయాల్లోకి రాలేదు. రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా చేశాకే ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. మద్రాసులో 'లా టైమ్స్' సంపాదకత్వం ఆ తర్వాత. 1921లో బంగారంలాంటి ప్రాక్టీసు వదులుకుని 'స్వరాజ్య' పెట్టింది ఉద్యమం కోసమే. ఒంగోల్లో తల్లి పూటకూళ్లిల్లు నడిపి పెంచిన పిల్లాడు, సంపాదించిన సొమ్మంతా ఆ పత్రికలో పోశాడు. చివరిదాకా డబ్బు ఇబ్బందే. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యేనాటికి 'స్వరాజ్య' ఎప్పుడో ఆగిపోయింది. పదవి కోసం రాతను తాకట్టు పెట్టారని ఆయన్ని ఎలా అంటారు? మన జిల్లాకు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

చీరాల మగ్గం:
మా ఊళ్లో పుట్టిన కోటంరాజు రామారావు గారి సంగతి కూడా చూడండి. 1938లో లక్నోలో 'నేషనల్ హెరాల్డ్' మొదలైనప్పుడు తొలి సంపాదకుడాయన. 1942లో సంపాదకీయం రాసినందుకు జైలుకెళ్లారు. 1952లో రాజ్యసభకు వెళ్లేనాటికి ఆ పత్రిక ఆయన చేతిలో లేదు. నాకు తేడా ఇక్కడే కనిపిస్తుంది. పదవి, పత్రిక రెండూ ఒక్కడి గుప్పిట్లో ఉంటేనే చిక్కు.

బుచ్చి అరుగు:
మా బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు, గవర్నరయ్యారు, రవీంద్రుణ్ని తెలుగులోకి తెచ్చారు. పదవి ఆయన సాహిత్యానికి అడ్డమేం రాలేదే?

పెన్నా ఒడ్డు:
ఆయన కవి కదా సార్. కవి నాలుగేళ్లు రాయకపోతే ఆయనకే లోటు. ఊరి పత్రిక నాలుగు వారాలు నోరు మూసుకుంటే చెరువు పూడ్చేస్తారు. పంతులు గారి విషయంలో మాత్రం నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నా. ఆయన పత్రిక కోసం ఆస్తి పోగొట్టుకున్నారు. మావాడు పార్టీ కోసం పత్రికను పోగొడుతున్నాడు. రెండూ ఒకటి కావు.

ఒంగోలు పాత బస్టాండు:
అయితే 'పోకూడదంతే' అన్న మాట వెనక్కి తీసుకోండన్నా. పోటీ చేసే హక్కు ఆయనకుంది. పత్రిక ఎవరికి అప్పజెప్పి పోతున్నాడన్నదే అసలు ప్రశ్న. అడిగారా?

పెన్నా ఒడ్డు:
అడగలేదు. మీరన్నాక అనిపిస్తోంది, ముందు అడగాల్సింది అదే. ఆదివారం కావలి పోతున్నా. పార్టీలో ఉండాలనుకుంటే ఉండమంటాను. చెరువు పేజీ మాత్రం నాకిమ్మంటాను. సర్వే నంబర్లతో సహా పాత సంచికలన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి.