నిరుచ్ఛ్వాసుడంటే గాలి పీల్చనివాడా, వదలనివాడా?

భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు దేవహూతికి శిశువు పుట్టుక చెప్పేచోట, మూలంలో "నిరుచ్ఛ్వాసో హతస్మృతిః" అని వస్తుంది. పై పాదాలు గుర్తు రావడం లేదు. బడిలో ఉచ్ఛ్వాసమంటే పీల్చడమని చదివాం. సంస్కృత నిఘంటువులు వదలడమనీ చెబుతాయి. ఈ బిడ్డ చేయనిది ఏది?

— "తేనావసృష్టః సహసా కృత్వావాక్ శిర ఆతురః, వినిష్క్రామతి కృచ్ఛ్రేణ..." ఆ తర్వాత మీరన్నది. అసలు తగాదా నిశ్వాసతోనండీ. విసర్గ ఉంటే వదలడం, లేకపోతే పీల్చడం. తెలుగులో విసర్గ జారిపోయి రెండూ కలిసిపోయాయి.

— నిశ్శ్వాస అని ద్విత్వంతో రాస్తే ఆ గొడవే లేదు. పాతవాళ్లు అలాగే రాశారు.

— నేను పిల్లల డాక్టర్‌ని. కడుపులో బిడ్డ ఛాతీ కదులుతూనే ఉంటుంది, కానీ లోపల ఉన్నది నీరు. మింగిన ఉమ్మనీరు కాదు, ఊపిరితిత్తుల్లోనే ఊరింది. నొప్పులు మొదలయ్యాక బిడ్డలో అడ్రినలిన్ పెరిగి ఆ నీరు ఇంకడం మొదలవుతుంది. ఛాతీ నొక్కుకుని నోటి నుంచి వచ్చేది కొంతే. తొలి శ్వాస లోపలికే. ఆ ఊపుకి మిగతా నీరు గాలిగదుల గోడలు దాటి పక్కకి తప్పుకుంటుంది. కేరుమనడం ఆ వెనక వదిలే గాలి. గొంతు సగం బిగించి వదులుతాడు కాబట్టే కొంత గాలి లోపలే నిలుస్తుంది. ఆ గదులు మళ్లీ అతుక్కోకుండా సర్ఫాక్టెంట్ అనే లోపలి పూత కాపాడుతుంది. నెలలు నిండని పిల్లల్లో అది కొరవడుతుందని 1959లో ఏవరీ, మీడ్ అనే పరిశోధకులు చూపించారు. నా ఓటు పీల్చడానికే.

— డాక్టరు గారూ, భలే చెప్పారు. తిత్తి అంటే కొలిమి తిత్తే అనుకుంటారు అందరూ. నీళ్లు మోసే తోలుసంచీ కూడా తిత్తే. ఊపిరితిత్తి అన్నవాడికి రెండూ తెలుసని నా నమ్మకం!

— తృతీయం పోతన తెనిగించిందే. 5, 6, 11, 12 స్కంధాలే ఇతరులవి. ఊపిరి మాటొస్తే నాకు గజేంద్రుడే గుర్తొస్తాడు. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను". బహువచనం చూడండి, పంచప్రాణాలూ కదిలిపోయాయి.

— ప్రాస 'వ' కదా, తావుల్ అన్నా సరిపోయేది. ఠ ఎందుకు వేశాడంటారు?

— యతి కోసం. శార్దూలంలో పాదం మొదటి అక్షరానికి పదమూడోది కలవాలి. ఆ పాదంలో అది "డస్సెన్"లోని డ. డకి ఠ కుదురుతుంది, త కుదరదు.

— అయితే పోతనకి ముందు తట్టింది డస్సెనా, ఠావులా?