అప్‌డేట్: టైమౌట్ తర్వాత రెండోసారి వెళ్తున్న చెల్లింపులు ఆగాయి

ఇన్వాయిస్ ఆమోదం కాగానే సప్లయర్‌కు డబ్బు పంపే వర్క్‌ఫ్లోలో, టైమౌట్ వచ్చినప్పుడల్లా ఒకే బిల్లుకు రెండు చెల్లింపులు వెళ్తున్నాయని అడిగాను. కారణం దొరికింది. టైమౌట్ వచ్చిందంటే పని జరగలేదని కాదు, జరిగిందో లేదో మనకు తెలియలేదని. అవతల పేమెంట్ గేట్‌వేలో (మన తరఫున డబ్బు పంపే సేవ) డబ్బు కదిలింది, జవాబే 30 సెకన్లలో రాలేదు.

రీట్రై చేసిన (మళ్లీ పంపిన) ప్రతిసారీ కొత్త ఐడెంపొటెన్సీ కీ పుడుతోంది. ఇది పాత చెల్లింపే, రెండోసారి చేయొద్దని గేట్‌వే గుర్తుపట్టేది ఈ కీతోనే. అసలు తప్పు అదే. ఇప్పుడు ఇన్వాయిస్ నంబరు, వాయిదా నంబరు కలిపి కీని ఒక్కసారే తయారుచేసి, కాల్ చేయడానికి ముందే డేటాబేస్‌లో రాస్తున్నాం. టైమౌట్ అయితే ముందు స్టేటస్ అడిగి, ఆ తర్వాతే అదే కీతో మళ్లీ పంపుతుంది.

గేట్‌వే నుంచి 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయి), 503 (సర్వీసు ప్రస్తుతం అందుబాటులో లేదు) ఎర్రర్ కోడ్‌లు వస్తే 2, 4, 8, 16 సెకన్ల విరామం, దానికి కొంచెం జిట్టర్ (అన్నీ ఒకేసారి వెళ్లకుండా కలిపే యాదృచ్ఛిక తేడా). జవాబులో రీట్రై-ఆఫ్టర్ హెడర్ (ఎంతసేపు ఆగాలో చెప్పేది) ఉంటే దాని మాటే వినాలి. పంపిన వివరాల్లోనే తప్పుందని చెప్పే 400, 422కి రీట్రై దండగ: ఖాతా నంబరు తప్పైతే వందసార్లు పంపినా తప్పే. అవి కారణంతో సహా నేరుగా అకౌంట్స్ వాళ్ల క్యూలోకి వెళ్తాయి.

ఒక్క జాగ్రత్త. గేట్‌వేలు కీని శాశ్వతంగా దాచుకోవు, కొన్నిచోట్ల 24 గంటలే. డెడ్ లెటర్ క్యూలో (ఎన్నిసార్లు ప్రయత్నించినా విఫలమైనవి పక్కన పెట్టే చోటు) రెండు రోజులు పడి ఉన్నదాన్ని చేత్తో నడిపిస్తే అది కొత్త చెల్లింపే అవుతుంది. ముందు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు యూటీఆర్ (ప్రతి బదిలీకీ వచ్చే ప్రత్యేక నంబరు) ఉందేమో చూడండి.