ఎర్రచీమల పుట్టకు వేడినీళ్లా, పొడిమందా, ఎరా? ఇంట్లో చిన్నపాప ఉంది

కరకంబాడిరోడ్డు_అమ్మ:
వానలు మొదలైనప్పటి నుంచి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో ఎర్రచీమల పుట్ట లేచింది. జల్లెడ పట్టినట్టు మెత్తటి మట్టి కుప్ప. నిన్న మా 3 ఏళ్ల పాప దానిమీద కాలు పెట్టింది. పాదం మీద 14 చోట్ల కుట్టాయి, లెక్కపెట్టాను. రాత్రంతా మంటే మంట, పొద్దుటికి పొక్కులు. మా ఆయన పొడిమందు తెస్తానంటారు. అత్తమ్మ వేడినీళ్లు చాలంటారు. పక్కింటావిడేమో రవ్వ చల్లు, తిని పొట్ట పగిలి చస్తాయంటోంది. పుట్ట పోవాలి, పాపకేమీ కాకూడదు. ఏం చేయమంటారు?

బంగారుపాళ్యం_తోట:
ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకమ్మా. గుప్పెడు ఫోరేట్ పురుగుమందు గుళికలు పుట్టలో పోసి నీళ్లు కొట్టండి. మా నాయన కాలం నుంచి అదే చేస్తున్నాం. షెడ్డులో ఇంకా సగం ప్యాకెట్ ఉంది.

పలమనేరు_పాడి:
అన్నా, ఆ సగం ప్యాకెట్ సంగతే చెప్పాలి. ఫోరేట్‌ను 2020 చివరికల్లా నిషేధించారు. చేత్తో ముట్టుకుంటే చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మా పెరట్లో ఒకసారి చల్లితే చీమలకన్నా ముందు 5 కోళ్లు పోయాయి. పాప ఆడుకునే చోట ఆ మాటే ఎత్తొద్దు. పాత డబ్బాల్లో మిగిలిన గమాక్సిన్ పొడి కూడా అంతే, అందులోని బీహెచ్‌సీ అనే పురుగుమందు మీద 1997 నుంచే నిషేధం ఉంది.

నర్సక్క_చిత్తూరు:
పుట్ట సంగతి తర్వాత, ముందు పాప. పొక్కులు గిల్లనివ్వకండి, సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. ఈసారి కుడితే నీళ్లు పోయడం కాదు, చేత్తో గబగబా దులిపేయండి. ఈ చీమ దవడలతో పట్టుకుని, ఒళ్లు తిప్పుకుంటూ పక్కపక్కనే మళ్లీ మళ్లీ కుడుతుంది. పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

తిరుచానూరు_మాస్టారు:
అమ్మా, ముందు అవి ఏ చీమలో చూడండి. చెట్టుమీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలైతే వేరే జాతి, తోటకు మేలు చేస్తాయి. మీవి పుల్లతో కదిలిస్తే ఒక్కసారిగా పైకి ఎగబాకుతాయా? చిన్నా పెద్దా కలిసి ఉంటాయా, కొన్నింటికి తల ఒంటికి మించి ఉంటుందా? అయితే సోలెనాప్సిస్ జెమినేటా కావచ్చు. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి మన నేలలో స్థిరపడిన చీమ. అమెరికా వాళ్ల వీడియోల్లో కనిపించే ఇన్విక్టా దీని దాయాదే కానీ అది ఇది కాదు.

రవ్వ కథ వదిలేయండి. పెద్ద చీమ గట్టి తిండి మింగలేదు, ద్రవమే తాగుతుంది. గట్టిది తెచ్చి పిల్లపురుగుల నోటికి అందిస్తే, అవి అరిగించి తిరిగి ఇస్తాయి. ఆ రసమే రాణి దాకా పోతుంది. ఎర మందు పనిచేసేది ఈ దారినే. పొడి చల్లితే పైన తిరిగేవి చస్తాయి, కింద రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. పైగా కదిలించిన పుట్ట నాలుగు గజాల అవతల మళ్లీ లేస్తుంది.

ఎర కోసం అర లీటరు నీళ్లలో 4 టేబుల్ స్పూన్ల చక్కెర, 1 టీస్పూన్ బోరిక్ పొడి కరిగించండి. క్యారమ్ బోర్డు మీద చల్లుతామే, అదే పొడి. ఇంకో స్పూను ఎక్కువేస్తే త్వరగా పోతాయనుకోవద్దు. ఘాటైతే మోసుకెళ్లే చీమ దారిలోనే చస్తుంది. దూది తడిపి, మూతకు చిన్న కన్నాలు పెట్టిన డబ్బాలో ఉంచి, బోర్లించిన పూలకుండీ కింద పెట్టి పైన రాయి ఎత్తండి. బోరిక్ కూడా విషమే, పాప చేతికి అందకూడదు.

ఎమ్మార్‌పల్లి_కుర్రాడు:
మాస్టారూ, వారాలు పడుతుంది కదా! వేడినీళ్లు పోస్తే పదినిమిషాల పని. మా అవ్వ అలాగే తీసేసింది.

తిరుచానూరు_మాస్టారు:
తప్పని నేననలేదు నాయనా. సుమారు 11 లీటర్లు మరిగే నీళ్లు పోస్తే పదింటిలో ఆరు పుట్టలు పోతాయని అమెరికా కీటక శాస్త్రవేత్తల లెక్క. మిగతా నాలుగు? చలి పొద్దున ఎండ పడ్డాక రాణి పైకి వస్తుంది, అప్పుడు పోస్తే మేలు. కానీ ఇక్కడ పుట్ట ఉన్నది కొబ్బరిచెట్టు వేళ్ల మీద. మరిగే నీళ్ల బిందె మోస్తుంటే కాళ్లకు అడ్డంపడే పాప ఒకతి.

పలమనేరు_పాడి:
పెట్రోలు పోస్తామనే వాళ్లకు కూడా ఇక్కడే చెప్పేయండి మాస్టారూ. మట్టీ పోతుంది, బోరు నీళ్లూ పోతాయి, ఎవరో అగ్గిపుల్ల గీస్తే మనుషులూ పోతారు.

బంగారుపాళ్యం_తోట:
సరే, ఫోరేట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. గడప దగ్గర సుద్దగీత గీస్తే?

నర్సక్క_చిత్తూరు:
ఆ సుద్దలోనూ పురుగుమందే ఉంటుంది అన్నా. నేలమీద పాకే పిల్లలకు అది బలపంలాగే కనిపిస్తుంది.

కరకంబాడిరోడ్డు_అమ్మ:
6 రోజులైంది. మాస్టారు చెప్పినట్టే డబ్బా పెట్టాను. మొదటి రెండు రోజులు ఒక్క చీమ రాలేదు. చూస్తే అన్నీ తులసికోట చుట్టూ ఉన్నాయి, బియ్యప్పిండి ముగ్గు మోసుకుపోతున్నాయి! కొన్నాళ్లు ముగ్గుపిండితో వేద్దామా అంటే అత్తమ్మ, "చీమలకు పెట్టడానికే కదే వేసేది, ధనుర్మాసం వస్తుంటే ఆపమంటావా" అన్నారు. చివరికి వీధి వాకిట్లో బియ్యప్పిండి, పెరట్లో ముగ్గుపిండి అని ఒప్పందం. నిన్నటి నుంచి డబ్బాలోకి బారులు తీరి వెళ్తున్నాయి. తొందరపడి పుట్టను కదిలించొద్దని మా ఆయనకు కూడా చెప్పాను.

తిరుచానూరు_మాస్టారు:
మూడు వారాలు అలాగే ఉంచండి. వాన పడి డబ్బాలోకి నీళ్లు దిగితే దూది మార్చండి. పాపకు చెప్పులు వేయండి.